గాలం వేటకు చిన్న పడవ: ధర చెప్పని లెక్కలు

క్లుప్తంగా: చవక పడవ అనగానే చూసేది ధర. అయితే ఖర్చులో ఖాళీ పడవ వాటా చాలాసార్లు సగం కూడా ఉండదు. ఏ నీళ్లలో తిరగాలి, ఎంత బరువు ఎక్కుతుంది, ఇంటికి తెచ్చాక ఎక్కడ పెట్టాలి అన్నవి ముందు తేలితే పడవ ఏదో దాదాపు దానంతట అదే తేలుతుంది. నార్త్ టెక్సస్ లేకుల మీద ఇద్దరు ముగ్గురు వెళ్లేటట్టయితే 14 అడుగుల పొడవు, అడుగున 48 అంగుళాల వెడల్పు ఉన్న అల్యూమినియం పడవకు మొగ్గు ఎక్కువ. ఒక్కరే వెళ్లేవారికి, అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి కయాక్ (మామూలుగా తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నయం.

## ఒడ్డు నుంచి పడవ దాకా

టెక్సస్‌లో సహజంగా ఏర్పడిన పెద్ద సరస్సు అంటే లూసియానా సరిహద్దులోని క్యాడో లేక్ ఒక్కటే చెబుతారు. మిగతావన్నీ ఆనకట్టలు కట్టగా నిలిచిన నీళ్లే. అంటే మన భాషలో రిజర్వాయర్లు. డాలస్ చుట్టూ ఉన్న లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, లవాన్, రే రాబర్ట్స్, రే హబ్బర్డ్, పైన ఓక్లహోమా సరిహద్దులో టెక్సోమా అన్నీ ఆ కోవలోవే. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు వీటిలో కొన్ని కారులో అరగంట, ముప్పావుగంట దూరంలోనే ఉంటాయి. వారాంతంలో గాలం పట్టుకుని వెళ్లే అలవాటు ఒడ్డు మీదే మొదలవుతుంది.

వసంతంలో ఒడ్డు చాలు. బాస్, క్రాపీ లాంటి చేపలు గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ నీళ్లకు వస్తాయి కాబట్టి గాలం వేసిన చోటే దొరుకుతాయి. జూన్ దాటి నీళ్లు వేడెక్కాక అవి లోతుకు, పాత వాగుల గాడుల వైపు, మునిగిన చెట్ల నీడలోకి జరుగుతాయి. ఒడ్డు నుంచి ఎంత దూరం విసిరినా గాలం అక్కడికి అందదు. పడవ కొనాలన్న ఆలోచన సాధారణంగా ఈ దశలోనే వస్తుంది. ఆన్‌లైన్‌లో వెతికితే 400 డాలర్ల కయాక్ నుంచి 40,000 డాలర్ల బాస్ బోట్ దాకా అన్నీ ‘ఫిషింగ్ బోట్’ పేరుతోనే కనిపిస్తాయి. అయోమయం అక్కడ మొదలవుతుంది.

## నీళ్లు ముందు, పడవ తర్వాత

నార్త్ టెక్సస్‌లో చిన్న పడవకు అసలు పరీక్ష గాలి. వసంతంలో దక్షిణపు గాలి రోజుల తరబడి వదలకుండా వీస్తుంది. గాలి గంటకు 12–15 మైళ్లకు చేరేసరికి తెరిచి ఉన్న నీళ్ల మీద అలల తలలు తెల్లగా విరగడం మొదలవుతుంది. గాలి వేగం రెట్టింపైతే పడవ మీద పడే తోపు నాలుగింతలవుతుంది. పొద్దున పదికి తేలిగ్గా నడిచిన పడవ మధ్యాహ్నానికి మాట వినకపోవడానికి కారణం ఇదే.

గాలి ఒక్కటే కాదు, అది నీటి మీద అడ్డు లేకుండా ఎంత దూరం నడిచింది అన్నదీ ముఖ్యం. ఆ దూరం పెరిగేకొద్దీ అల ఎత్తు పెరుగుతుంది. కాబట్టి ఒకే రోజు, ఒకే గాలికి, లూయిస్‌విల్ లేక్ నడిబొడ్డున రెండడుగుల అల లేవవచ్చు, అదే లేక్‌లోని సన్నటి పాయలో నీళ్లు అద్దంలా ఉండవచ్చు. 12 అడుగుల పడవ ఈ పాయకు సరిపోతుంది, నడిబొడ్డుకు సరిపోదు. టెక్సోమా మరీ పెద్దది. విస్తీర్ణం దాదాపు 89,000 ఎకరాలు. అక్కడ స్ట్రైపర్ చేపల కోసం చాలామంది సొంత చిన్న పడవను ఇంట్లో వదిలేసి, గైడ్ పడవ ఎక్కడం ఊరికే కాదు.

ఇంకొకటి, శీతాకాలపు ఫ్రంట్. స్థానికులు ‘బ్లూ నార్దర్’ అంటారు. వెచ్చగా, మందంగా ఉన్న రోజున ఉన్నట్టుండి ఉత్తరపు గాలి విరుచుకుపడి, కొద్ది గంటల్లోనే ఉష్ణోగ్రత పడిపోతుంది. చిన్న పడవ వేగం తక్కువ కాబట్టి రాంప్‌కు (పడవను నీళ్లలోకి దింపే వాలుకు) తిరిగి రావడానికి పట్టే సమయం ఎక్కువ. పడవ ఎంపికలో ఈ తిరుగు ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకునేవారు తక్కువ.

## పన్నెండు అంగుళాల తేడా

అల్యూమినియం రేకుతో చేసిన, అడుగు చదునుగా ఉండే, ముందు భాగం నలుచదరంగా తెగ్గొట్టినట్టుండే పడవను జాన్ బోట్ అంటారు. చవక పడవల్లో బాగా అమ్ముడుపోయేవాటిలో ఇదొకటి. దీని మోడల్ నంబరులోనే కొలత ఉంటుంది. 1436 అంటే పొడవు 14 అడుగులు, అడుగు వెడల్పు 36 అంగుళాలు. 1448 అంటే అదే పొడవు, వెడల్పు 48 అంగుళాలు.

కొనేవారి చూపు మొదటి రెండు అంకెల మీద ఉంటుంది. పడవ ఒరిగిపోకుండా కాపాడేది మాత్రం చివరి రెండు అంకెలు. పడవ పక్కకు వంగినప్పుడు దాన్ని తిరిగి నిలబెట్టే బలం పొడవుతో మామూలుగా పెరుగుతుంది, వెడల్పుతో ఘనం లెక్కన పెరుగుతుంది. 36 నుంచి 48కి అంటే వెడల్పు మూడో వంతే పెరిగింది. నిలకడ మాత్రం దాదాపు 2.4 రెట్లయింది. పొడవు 12 నుంచి 14 అడుగులకు పెంచితే వచ్చే లాభం ఆరో వంతు. గాలం విసిరే మనిషి లేచి నిలబడతాడు, చేప పడగానే ఒక పక్కకు వంగుతాడు. ఆ క్షణంలో తేడా తెలిసేది ఇక్కడే.

తెలుగువారికి ఈ సంగతి కొత్తేమీ కాదు. కృష్ణ మీద, శ్రీశైలం వెనుక జలాల్లో జాలర్లు వాడే పుట్టి గుండ్రంగా, చదునుగా ఉంటుంది. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. అందులో కూర్చుని వల లాగినా బోర్లా పడకపోవడానికి కారణం ఆ వెడల్పే. అదే పుట్టి తిన్నగా పోదు, తెడ్డు తప్పితే గిరగిరా తిరుగుతుంది. పొడవు చేసే పని పడవను దారిలో పెట్టడం, వెడల్పు చేసే పని నిలబెట్టడం. జాన్ బోట్ ఈ రెంటి మధ్య రాజీ. తెలుగు రాష్ట్రాల రిజర్వాయర్లలో చేపలు పట్టే హక్కు ప్రధానంగా మత్స్యకార సహకార సంఘాల చేతిలో ఉంటుంది. అక్కడ పుట్టి బతుకుతెరువు, ఇక్కడ పడవ కాలక్షేపం. అందుకే సరదాకు సొంత పడవ అన్న ప్రశ్న అక్కడ ఇంకా పెద్దగా పుట్టలేదు.

చదును అడుగుకు ఒక లోపముంది. అది నీటి వాలును అనుసరిస్తుంది. నీళ్లు నిలకడగా ఉంటే పడవా నిలకడగా ఉంటుంది, అల వాలితే పడవా వాలుతుంది. పైగా ఎదురు అలను కోయదు, దాని మీద దబ్బున పడుతుంది, నడుం అదిరిపోతుంది. ‘వి’ ఆకారంలో అడుగు ఉన్న అల్యూమినియం పడవ అలను చీల్చుకుని పోతుంది, కానీ ఆగి ఉన్నప్పుడు కాస్త ఊగుతుంది, లోతు తక్కువ చోట తిరగలేదు. ముందు భాగం కొంచెం ‘వి’, వెనుక చదును ఉండే ‘మాడ్-వి’ రకం ఈ రెండింటి మధ్యది. గాలి ఎక్కువ తగిలే పెద్ద లేకులకు, ధర కొంచెం ఎక్కువైనా, అదే మెరుగు.

## కయాక్, గాలి నింపే పడవ

ఒక్కరే వెళ్లేటట్టయితే సిట్-ఆన్-టాప్ (లోపల కాకుండా పైన కూర్చునే) కయాక్ లెక్క వేరు. దానికి ట్రైలర్ అక్కర్లేదు, కారు పైన కట్టుకుని పోవచ్చు. తెడ్డుతో నడిపితే టెక్సస్‌లో రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. పైకెక్కిన నీళ్లు కూర్చునే చోట ఉండే రంధ్రాల గుండా వాటంతటవే దిగిపోతాయి. నీటికి దగ్గరగా కూర్చుంటారు కాబట్టి గాలికి పెద్దగా దొరకదు. చిక్కంతా పడిపోయినప్పుడే. లోతు నీళ్లలో కయాక్ మీదికి తిరిగి ఎక్కడం ఒడ్డు దగ్గర నాలుగుసార్లు సాధన చేయనిదే రాదు. ఈత రాని పెద్దలు మనలో తక్కువేం కాదు, కాబట్టి కయాక్ ధరలో ఈత క్లాసుల ఫీజు కూడా కలపడం సబబు.

కాళ్లతో తొక్కే పెడల్ కయాక్‌లో చేతులు ఖాళీగా ఉంటాయి, గాలం వదలక్కర్లేదు. అయితే కొత్తదాని ధర పాత జాన్ బోట్, ట్రైలర్ కలిపిన ధరను సులువుగా దాటిపోతుంది. ‘చవక’ అన్న మాట అక్కడితో అయిపోయినట్టే.

గాలి నింపే పడవ అపార్ట్‌మెంట్ వాసులకు ఆశ పుట్టిస్తుంది. అటకెక్కించవచ్చు, ధర తక్కువ. కానీ నీటిలోకి పెద్దగా దిగకుండా పైపైన తేలుతుంది కాబట్టి గాలి దాన్ని ఆకులా తోసుకుపోతుంది. రే రాబర్ట్స్, లేక్ ఫోర్క్ లాంటి చోట్ల నీళ్లలో మునిగిన మొద్దులు చాలా ఉంటాయి, గాలపు ముల్లు ఎలాగూ పక్కనే ఉంటుంది. చిన్న చెరువులకు, నీళ్లు కదలని పార్కు కుంటలకు పనికొస్తుంది, అంతకుమించి కాదు.

## మోటార్ దగ్గర మారే బడ్జెట్

ఖాళీ పడవ ధర చూసి బడ్జెట్ వేసుకున్నవారు తడబడేది ఇక్కడే. కొత్త 9.9 హార్స్‌పవర్ పెట్రోల్ మోటార్ చాలా సందర్భాల్లో 14 అడుగుల జాన్ బోట్ కన్నా ఖరీదు. దానికి తోడు ట్రైలర్, లైఫ్ జాకెట్లు, లంగరు, టెక్సస్‌లో పడవకూ మోటార్‌కూ 6.25 శాతం పన్ను. 9.9 అన్న వింత అంకె ఎందుకంటే, చాలా చిన్న లేకుల్లో పది హార్స్‌పవర్ దాటిన మోటార్లను ఒప్పుకోరు.

అందుకని మొదటిసారి కొనేవారు తరచు ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటార్‌తో సరిపెట్టుకుంటారు. చప్పుడుండదు, ధర తక్కువ. ఎంత బలం కావాలన్నదానికి వాడుకలో ఉన్న లెక్క: మొత్తం బరువులో ప్రతి 100 పౌండ్లకు 2 పౌండ్ల తోపు. పడవ 80 కిలోలు, ఇద్దరు మనుషులు 160, బ్యాటరీ 28, ఐస్ బాక్సు, గాలాలు, లంగరు కలిపి మరో 40 అనుకుంటే మొత్తం 308 కిలోలు, అంటే దాదాపు 680 పౌండ్లు. లెక్క ప్రకారం 14 పౌండ్ల తోపు చాలు. ఇది నిలకడ నీళ్ల లెక్క. ఎదురుగాలికి అది ఏమూలకూ సరిపోదు కాబట్టి 45–55 పౌండ్ల మోటార్ తీసుకుంటారు.

అలాగని బలం పెంచుకుంటూ పోతే వేగం పెరుగుతుందనుకుంటే పొరపాటు. నీటిని పక్కకు తోసుకుంటూ పోయే పడవకు పొడవును బట్టి ఒక వేగం హద్దు ఉంటుంది. 12–14 అడుగుల పడవకు అది గంటకు సుమారు 5–6 మైళ్లు. అది దాటాలంటే పడవ నీటి పైకి లేచి జారాలి, ట్రోలింగ్ మోటార్‌కు అంత శక్తి లేదు. 80 పౌండ్ల మోటార్ కొన్నవారికి దక్కేది గాలిలో పట్టు, పెద్ద బిల్లు.

బ్యాటరీ సంగతీ ఇంతే. 55 పౌండ్ల మోటార్ పూర్తి వేగంలో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. అంటే పూర్తి వేగంలో చేతికొచ్చేది గంట మాత్రమే. వేగం సగానికి తగ్గిస్తే కావాల్సిన శక్తి సూత్రం ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గాలి, మోటార్‌లో నష్టం వల్ల నిజంగా అంత లాభం రాకపోయినా, నెమ్మదిగా పోతే సగం రోజు గడపవచ్చు. అదే సామర్థ్యం గల లిథియం బ్యాటరీ ధర ఎక్కువ, బరువు మాత్రం లెడ్ దానిలో సగం కన్నా తక్కువ. దాదాపు పూర్తిగా వాడుకోవచ్చు కూడా. చిన్న పడవలో 15 కిలోలు తగ్గడం చిన్న విషయం కాదు.

## ప్లేటు మీద రాసిన బరువు

అమెరికాలో 20 అడుగులలోపు మోటార్ పడవల్లో చాలావాటికి ఎంతమంది, ఎంత బరువు, ఎంత హార్స్‌పవర్ అన్నది రాసిన చిన్న ప్లేటు ఉండాలి. ప్లేటు లేని పాత పడవకు పొడవును వెడల్పుతో గుణించి 15తో భాగించమంటారు. 14 అడుగుల పొడవు, పై అంచు దగ్గర నాలుగున్నర అడుగుల వెడల్పు ఉంటే నలుగురు. ఇందులో ఒక్కో మనిషి బరువు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. నీళ్లు నిలకడగా ఉండాలి. మోటార్, బ్యాటరీ, బిర్యానీ డబ్బా వేరే. ఆ లెక్కతో నలుగురిని ఎక్కించడం కన్నా ఇద్దరితో ఆగడం మంచిది.

ఇంకో మనిషి ఎక్కితే ఈ సైజు పడవ నీటిలోకి దిగేది రెండు సెంటీమీటర్లే. ‘మునగలేదు కదా’ అనిపించేది అందుకే. ప్రమాదం దిగడంలో లేదు, ఒరగడంలో ఉంది. ఇద్దరూ ఒకే పక్కకు వంగి వల అందుకోబోయినప్పుడు, లేదా మోటార్, బ్యాటరీ, బరువైన మనిషి ముగ్గురూ వెనుకే చేరి వెనుక పలక నీటికి దగ్గరైనప్పుడు అల లోపలికి వస్తుంది. బ్యాటరీని వైరు పొడిగించి ముందుకు మార్చడం, లంగరును ఎప్పుడూ ముందు కొస నుంచే వేయడం ఈ కారణానికే. వెనుక నుంచి లంగరు వేస్తే మోటార్ బరువుతో ఇప్పటికే దిగి ఉన్న భాగాన్ని తాడు ఇంకా కిందికి లాగుతుంది.

అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల ప్రకారం 2023లో సరదా పడవల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. కారణం తెలిసిన మరణాల్లో 75 శాతం నీట మునిగి జరిగినవే. అలా మునిగినవారిలో 87 శాతం మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. టెక్సస్ చట్టం ప్రకారం 26 అడుగులలోపు పడవ కదులుతున్నప్పుడు 13 ఏళ్లలోపు పిల్లలు జాకెట్ వేసుకుని తీరాలి. పెద్దలకు అందుబాటులో ఉంటే చాలంటుంది. ఈ రెండో వెసులుబాటు చట్టంలో ఉన్నంత మాత్రాన వాడుకోవాల్సిన పని లేదు. చెయ్యి జారి మనిషి నీళ్లలో పడితే మోటార్ ఆగిపోయేలా ఒంటికి కట్టుకునే కట్-ఆఫ్ తాడు కూడా 2021 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా తప్పనిసరైంది. మూడు హార్స్‌పవర్ గానీ అంతకు మించి గానీ ఉన్న చిన్న పడవల్లో ఆ స్విచ్ ఉంటే కట్టుకోవాల్సిందే.

## ఇంటి ముందు చోటు

డాలస్ శివారు కాలనీల్లో చాలా హెచ్‌ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) ట్రైలర్ మీద పడవను వీధికి కనిపించేలా పెట్టనివ్వవు. 14 అడుగుల పడవ ట్రైలర్ నాలుకతో (కారుకు తగిలించే ముందు కమ్మీతో) కలిపి 17–18 అడుగులు దాటుతుంది, కారు పట్టే గ్యారేజ్‌లో పట్టకపోవచ్చు. బయట స్టోరేజ్‌కు నెలనెలా కట్టే అద్దె రెండు మూడేళ్లలో పడవ ధరతో సమానమైనా ఆశ్చర్యం లేదు. మడిచే నాలుక ఉన్న ట్రైలర్లు ఈ అవసరం కోసమే వచ్చాయి. కొనేముందు టేపు పట్టుకుని గ్యారేజ్ కొలవాలి.

## పాత పడవ కొంటున్నప్పుడు

అల్యూమినియం పడవ తుప్పుతో చెడదు కాబట్టి ఇరవై, ముప్పై ఏళ్లవీ పనికొస్తాయి. చెడిపోయేవి దాని చుట్టూ ఉన్నవి. మోటార్ బిగించే వెనుక పలకలో లోపల చెక్క ఉంటుంది, అది పుచ్చిపోతుంది. మోటార్‌ను పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపినప్పుడు పలక కదిలితే బేరం అక్కడే ఆపేయొచ్చు. రివెట్లు కారుతున్నాయా అని చూడడానికి పాత చిట్కా ఒకటుంది. ట్రైలర్ మీద ఉండగానే పడవలో కొంచెం నీళ్లు పోసి కింద ఎక్కడ చుక్క దిగుతుందో చూడడం. ఒకటి రెండు చుక్కలు సరిచేసుకోవచ్చు, అతుకు పొడవునా కారితే వద్దు.

సీట్ల కింద ఉండే ఫోమ్ అందంకోసం కాదు. నీళ్లు నిండినా పడవ తేలాలని, రెండు హార్స్‌పవర్ దాటిన చిన్న అవుట్‌బోర్డ్ (మోటార్‌ను వెనుక పలకకు బయట బిగించే) పడవ నీటితో నిండాక కూడా సమంగా తేలాలని నిబంధన ఉంది. బోల్తా పడితే ఈదుకుంటూ ఒడ్డుకు పోకుండా పడవనే పట్టుకోమనేది దీని ధీమాతోనే. ఏళ్ల తరబడి వానకు నానిన ఫోమ్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. పాత యజమాని దాన్ని తీసి అక్కడ సామాన్లు పెట్టుకునే అర చేసి ఉంటే పడవ చూడ్డానికి బాగుంటుంది, మునిగితే తేలదు.

మోటార్ చల్లగా ఉండగానే వెళ్లాలి. అమ్మేవారు ముందే వేడి చేసి పెడితే స్టార్టింగ్ సమస్య బయటపడదు. నడుస్తున్నప్పుడు వెనుక నుంచి సన్నటి నీటి ధార బలంగా రాకపోతే చల్లబరిచే పంపు పోయినట్టే. ట్రైలర్ చక్రాన్ని నేల నుంచి లేపి తిప్పితే గరగర వినిపించకూడదు. ఆ చప్పుడు చక్రం బేరింగ్ అరిగిందనడానికి గుర్తు, అది పోతే పడవ నడిరోడ్డు మీదే ఆగిపోతుంది.

కాగితాల్లో టెక్సస్‌కు ఒక ప్రత్యేకత ఉంది. పడవకూ, అవుట్‌బోర్డ్ మోటార్‌కూ వేర్వేరు టైటిళ్లు (యాజమాన్య పత్రాలు) ఉంటాయి. పడవది మాత్రమే చేతికిచ్చి మోటార్‌ది ‘తర్వాత పంపిస్తా’ అంటే ఆగాలి. పడవ వెనుక కుడివైపు 12 అక్షరాల గుర్తింపు నంబరు ఉంటుంది, 1972 నవంబర్ తర్వాత తయారైన వాటన్నిటికీ అది తప్పనిసరి. 1984 తర్వాతి పడవల్లో దాని చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. టైటిల్‌లో ఉన్న నంబరూ, రేకు మీద ఉన్నదీ ఒకటి కాకపోతే ధర ఎంత తక్కువైనా అనవసరం. ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటార్ పెట్టినా అది మోటార్ పడవ కిందే లెక్క, రిజిస్ట్రేషన్ కావాలి. 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు 15 హార్స్‌పవర్ దాటిన పడవ నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలి. చేపల లైసెన్స్ 17 ఏళ్లు నిండినవారికి మామూలే.

లేక్ నుంచి బయటికి తెచ్చిన ప్రతిసారీ పడవలో, బకెట్‌లో, మోటార్‌లో నీళ్లు పూర్తిగా వంపాలన్నది చట్టం. 2009లో టెక్సోమాలో కనిపించిన జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప ఆ నీటి చుక్కల్లోనే ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కు ప్రయాణించింది. పాత పడవ కొన్నవారు ముందు యజమాని ఏ లేక్‌లో తిప్పాడో అడిగి, ఒక వారం ఎండబెట్టి దింపడం మేలు.

ధరలు మార్చి నుంచి జూన్ దాకా చేపలతోపాటే ఎగురుతాయి. అక్టోబర్, నవంబర్‌లలో గ్యారేజ్ ఖాళీ చేసుకోవాలనుకునేవారు దిగి వస్తారు. అప్పటికి నీళ్లు చల్లబడి, బాస్ మళ్లీ ఒడ్డు వైపు కదులుతూ ఉంటుంది. రాష్ట్ర పార్కుల్లో ఒడ్డు నుంచి గాలం వేయడానికి టెక్సస్‌లో లైసెన్స్ కూడా అడగరు. సరైన పడవ దొరికేదాకా ఆ నాలుగు వారాంతాలు అక్కడ గడపవచ్చు.